ఇ మేజర్ ఏడుపా, నవ్వా?

ఇ మేజర్ అనే కీ మనసులో ఏ భావాన్ని రేపుతుంది? 1690 ప్రాంతంలో ఫ్రెంచి స్వరకర్త మార్క్ ఆంత్వాన్ షార్పాంతియే రాసుకున్న జాబితా ప్రకారం అది కయ్యాలమారి కీ, గోలగోలగా ఉంటుంది. 1713లో హాంబర్గ్‌లో వెలువడిన పుస్తకంలో యోహాన్ మాథెసన్ దానికి అంటగట్టింది తీరని నిరాశ, ప్రాణాలు తోడేసే దుఃఖం. తొమ్మిదేళ్ల తర్వాత జాఁ ఫిలిప్ రామో తన హార్మనీ గ్రంథంలో లలితమైన పాటలకూ సంబరానికీ రాజసానికీ ఈ కీ తగినదన్నాడు. ఆ శతాబ్దం చివరికొచ్చేసరికి క్రిస్టియన్ ఫ్రీడ్రిష్ డానియల్ షూబార్ట్ చెవికి అది కేరింతలు కొట్టే ఆనందంగా మారింది. ఈ నలుగురిలో ఎవరూ ఒడ్డున కూర్చుని రాసినవాళ్లు కారు. అందరూ స్వరపరిచినవాళ్లే, వాయించినవాళ్లే. ఒకే ఖండం, ఇంచుమించు ఒకే వాద్యాల కుటుంబం, మొత్తం కలిపితే నూరేళ్లకు మించని కాలం. అయినా ఏడుపు నుంచి నవ్వు దాకా దేనికీ లోటు లేదు. ఇ ఫ్లాట్ మేజర్ సంగతి మరీ విచిత్రం. షార్పాంతియేకి అది క్రూరం, కఠినం. షూబార్ట్‌కి మాత్రం ప్రేమ, భక్తి, దేవుడితో ఏకాంతంగా చేసే సంభాషణ. పైగా దాని మూడు ఫ్లాట్లు పవిత్ర త్రిత్వానికి గుర్తు. చెవి చెప్పిన మాట ఏది, కాగితం మీది గుర్తులు చెప్పించిన మాట ఏది అన్న అనుమానం ఇక్కడే మొదలవుతుంది.

ఈ ప్రశ్నను విడమర్చకుండా వాదించడం వల్ల మూడు వందల ఏళ్లుగా చాలా సిరా వృథా అయింది. పాశ్చాత్య సంగీతంలో కీ అంటే రెండు సంగతుల కలయిక: ఆధార స్వరం ఏది అన్నది ఒకటి, ఆ ఆధారం మీద నిలబెట్టిన స్వరాల వరస మేజరా మైనరా అన్నది రెండోది. పన్నెండు ఆధారాలు, ఒక్కోదానికీ రెండు వరసలు, వెరసి ఇరవై నాలుగు కీలు. మన భాషలో చెప్పుకుంటే మేజర్ వరస శంకరాభరణం స్వరాలు, మైనర్ నఠభైరవి గానీ కీరవాణి గానీ. మేజర్‌కీ మైనర్‌కీ మధ్య భావభేదం ఉందా అన్న ప్రశ్నకు జవాబు దాదాపు తేలిపోయింది. ఆ సంగీతంలో పెరిగినవాళ్లకు ఉంది. 1935లో మనస్తత్వ శాస్త్రవేత్త కేట్ హెవ్‌నర్ ఒకే రచనను రెండు వరసల్లోనూ వినిపించి చూసినప్పుడు మేజర్ సంతోషం వైపు, మైనర్ విషాదం వైపు మొగ్గాయి. ఆ తర్వాత ఎందరు పరీక్షించినా ఆ మొగ్గు నిలిచింది. అది పుట్టుకతో వచ్చేదా, నేర్చుకున్నదా అన్న తగవు వేరు. పాపువా న్యూగినీ మారుమూల పల్లెల్లో చేసి 2022లో ప్రచురించిన అధ్యయనంలో ఆ భేదం సార్వత్రికం అనడానికి చెప్పుకోదగ్గ ఆధారం దొరకలేదు. ఆ తగవును ఇక్కడ పక్కన పెడదాం. షూబార్ట్ వంటివాళ్లు చెప్పింది అంతకంటే చాలా పెద్ద మాట: వరస అదే ఉన్నా, ఆధారం సి నుంచి డికి జరిగితే చాలు, భావం మారిపోతుందని. శంకరాభరణాన్ని ఒకటి శ్రుతిలో పాడితే పసిపిల్లల అమాయకత్వం, రెండు శ్రుతిలో పాడితే విజయోత్సవం అన్నట్టు. ఈ సమీక్ష ఆ మాట గురించే.

మొదట జాబితాల సాక్ష్యం ఎంత గట్టిదో చూడాలి. షూబార్ట్ జాబితాకు వచ్చినంత పేరు మరి దేనికీ రాలేదు, దానికి కొంత కారణం అది పుట్టిన తీరు. వుర్టెంబెర్గ్ డ్యూక్ ఆగ్రహానికి గురై 1777 నుంచి 1787 వరకు హోహెనాస్పెర్గ్ కోటలో బందీగా ఉన్న ఆ కవి, సంగీతజ్ఞుడు 1784–85 ప్రాంతంలో ఆ పుస్తకాన్ని సిద్ధం చేశాడు. అచ్చయింది మాత్రం అతను పోయిన పదిహేనేళ్లకు, 1806లో. ఎఫ్ షార్ప్ మైనర్‌ను బట్టలు పట్టి లాగే కుక్కతోనూ, ఎ ఫ్లాట్ మేజర్‌ను సమాధితోనూ పోల్చగల కలం అది. పోలికలు గుర్తుండిపోతాయి కనుక పుస్తకం చేతులు మారింది. కానీ ఎ ఫ్లాట్ మేజర్‌లో బేతోవెన్ రాసిన మంద్ర గమనాల్లో సమాధి వాసన వెతికితే దొరకదు. మాథెసన్ ఇంకాస్త నిజాయితీపరుడు. పదిహేడు కీలకు గుణాలు చెప్పిన తర్వాత, ఈ విషయంలో ఎంత గట్టిగా చెబితే అంతమంది కాదంటారని, వినేవాళ్ల స్వభావాన్ని బట్టి భావం మారుతుందని తానే ఒప్పుకున్నాడు. 1728లో స్వరకర్త హైనిషెన్ అసలు ఈ గుణాల పట్టికలనే తోసిపుచ్చాడు. 1835లో షూమన్, షూబార్ట్ చేసినంత సూక్ష్మమైన వర్గీకరణ కుదరదంటూనే స్వరకర్త ఎంచుకున్న కీ యాదృచ్ఛికం కాదని మధ్యేమార్గం పట్టాడు. అంటే నమ్మకం ఎంత పాతదో సందేహమూ అంత పాతదే. రీటా స్టెబ్లిన్ 1983లో ఈ జాబితాలన్నిటినీ ఒకచోట చేర్చి ప్రచురించాక వాటిలోని పొందికా, పొత్తు కుదరని చోట్లూ ఎవరైనా పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. చూస్తే కనబడేది ఇది: డి మేజర్ వంటి కొన్ని కీల విషయంలో ఏకాభిప్రాయం బాగానే ఉంది, మిగతా చాలావాటిలో లేదు. అన్నిటిలోనూ లేకపోతే భ్రమ అని కొట్టిపారేయవచ్చు. అన్నిటిలోనూ ఉంటే స్వరాల గుణమని ఒప్పుకోవచ్చు. కొన్నిటిలోనే ఉంది కాబట్టి, ఆ కొన్నిటికి ప్రత్యేకంగా ఏం జరిగిందో వెతకాలి.

కీల పక్షాన వాదించేవాళ్ల మొదటి సమాధానం శ్రుతి సవరణ, ఇది తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు. షడ్జం నుంచి పంచమానికి శుద్ధంగా పన్నెండు మెట్లు ఎక్కితే ఏడు స్థాయిల పైనున్న షడ్జానికి చేరాలి, కానీ కొంచెం దాటిపోతాం. అరస్వరాన్ని నూరు సెంట్లుగా లెక్కిస్తే ఈ దాటిపోయేది దాదాపు 23.5 సెంట్లు. మీటల వాద్యంలో ఈ మిగులును ఎక్కడో ఒకచోట దాచక తప్పదు. ఇప్పటి పియానోలో పన్నెండు పంచమాలకూ సమంగా పంచుతారు. పదహారు, పదిహేడు శతాబ్దాల్లో వాడుకలో ఉన్న మీన్‌టోన్ పద్ధతిలో తరచుగా వాడే కీల అంతర గాంధారాన్ని శుద్ధమైన 386 సెంట్ల దగ్గర ఉంచి, చెడునంతా అరుదైన కీల మీదికి తోసేసేవాళ్లు. అక్కడ గాంధారం 427 సెంట్లకు పోయి చెవిని గీరుతుంది. ఆ తర్వాత వెర్క్‌మైస్టర్ వంటివాళ్లు చెప్పిన మధ్యస్థ పద్ధతుల్లో ఏ కీ కూడా వాడరానిది కాదు, ఏ రెండూ సరిగ్గా ఒకేలా ఉండవు. సి మేజర్ గాంధారం నెమ్మదిగా, శుద్ధానికి దగ్గరగా. నాలుగైదు షార్పుల దూరం పోయేసరికి అదే గాంధారం 408 సెంట్ల దాకా సాగి, బిగిసి వినిపిస్తుంది. బాఖ్ 1722లో ఇరవై నాలుగు కీల్లో రాసిన ప్రెల్యూడ్‌లు, ఫ్యూగ్‌లు ఇలాంటి శ్రుతిని దృష్టిలో పెట్టుకున్నవేనని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. కాబట్టి ఆ రోజుల హార్ప్‌సికార్డ్ ముందు కూర్చున్నవాడు కీకొక రంగు ఉందంటే, అతను కల్పించి చెప్పడం లేదు. ఆ రంగు లెక్కకు కూడా దొరుకుతుంది.

అయితే ఈ వాదం దాన్ని పట్టుకున్నవాళ్లకే ఎదురు తిరుగుతుంది. గుణం శ్రుతి సవరణలో ఉంటే, సవరణ మారినప్పుడు గుణమూ మారాలి, సమంగా పంచినప్పుడు మాయం కావాలి. సవరణ పద్ధతులు ఊరికొకటి, పనివాడికొకటి. ఆర్గన్‌కు ఒక తీరు, ఇంట్లో క్లావికార్డ్‌కు మరో తీరు. పైగా వయొలిన్ వాయించేవాడూ పాడేవాడూ ఆ సవరణలకు కట్టుబడి ఉండరు, ప్రతి కీలోనూ గాంధారాన్ని తమ చెవికి నచ్చినచోట పెట్టుకుంటారు. రామో కథ ఇక్కడ ఆసక్తికరం. 1726లో అసమాన శ్రుతుల్లో గాంధారాలు వేరువేరుగా ఉండటం వల్లే వేరువేరు భావాలు పుడతాయని సమర్థించినవాడే, 1737 నాటికి సమ విభజన వైపు తిరిగిపోయాడు. పందొమ్మిదో శతాబ్దంలో పియానోలు క్రమంగా సమ విభజనకు మళ్లాయి. లెక్క ప్రకారం కీల గురించిన మాటలు అక్కడితో ఆగిపోవాలి. ఆగలేదు సరికదా, రొమాంటిక్ యుగంలో అవి ఇంకా చిక్కబడ్డాయి. అంటే శ్రుతి సవరణ ఈ నమ్మకానికి ఒక ఊతం మాత్రమే, పునాది వేరేచోట ఉంది.

స్వరస్థాయిలోనే ఉందేమో? డి అనే స్వరం ఎంత హెచ్చులో ఉందో ఆ హెచ్చుకే ఒక గుణం ఉందేమో? ఈ ఊహకు చరిత్ర ఇచ్చే దెబ్బ అన్నిటికంటే గట్టిది. సెకనుకు 440 కంపనాల ఎ అన్నది 1939 లండన్ సమావేశంలో ఒప్పుకున్న కొలత, అంతర్జాతీయ ప్రమాణంగా ముద్ర పడింది 1955లో. అంతకుముందు ఫ్రాన్స్ 1859లో చట్టం చేసి 435 అని నిర్ణయించింది. 1751 నాటిదని చెప్పే హాండెల్ ట్యూనింగ్ ఫోర్క్ 422.5 పలుకుతుంది. పద్దెనిమిదో శతాబ్దపు జర్మన్ వాద్యబృందాల శ్రుతి సుమారు 415 అనీ, పారిస్ ఆపెరాది సుమారు 392 అనీ ఇప్పటి వాద్యకారులు లెక్క కట్టుకుని వాయిస్తున్నారు. 415కీ 440కీ మధ్య ఒక అరస్వరం తేడా, 392కీ 440కీ మధ్య ఒక పూర్తి స్వరం. షార్పాంతియే డి మేజర్ అని రాసి యుద్ధోత్సాహం విన్నచోట ఇప్పటి పియానో మీద మోగేది ఇంచుమించు సి మేజర్. అంతకంటే విడ్డూరం లైప్‌జిగ్ చర్చిలో వారం వారం జరిగేది. అక్కడి ఆర్గన్ మిగతా వాద్యాల కంటే ఒక స్వరం హెచ్చులో ఉండటం వల్ల, బాఖ్ కాంటాటాల్లో ఆర్గనిస్టు భాగాన్ని ఒక స్వరం దించి రాసేవాళ్లు. తీగ వాద్యాల వాళ్ల ముందు డి మైనర్, ఆర్గనిస్టు ముందు సి మైనర్, మోగేది మాత్రం ఒకే సంగీతం. ఆ ఆదివారం భక్తులు విన్నది ఏ కీ గుణం? కాగితాన్ని నమ్మితే ఒకేసారి రెండు గుణాలు వినాలి. స్వరస్థాయిని నమ్మితే మాథెసన్ జాబితా ఒక ఊళ్లో పనికొచ్చి పక్క ఊళ్లో పనికిరాకూడదు. ఎటు చూసినా వాదం నిలవదు.

మరి డి మేజర్ గురించి అందరూ ఒక్కమాట మీద ఎందుకున్నారు? షార్పాంతియే, మాథెసన్, షూబార్ట్, ముగ్గురూ అందులో యుద్ధమో విజయమో విన్నారు. దానికి జవాబు ట్రంపెట్. వాల్వులు లేని కాలంలో ట్రంపెట్ తన గొట్టం పొడవును బట్టి ఒక్క ఆధారం మీది సహజ స్వరాలనే పలకగలిగేది, ఎక్కువ ట్రంపెట్లు డిలోనో సిలోనో ఉండేవి. యుద్ధరంగానికీ రాజసభకీ చెందిన ఆ వాద్యం, వెంట నగారాలు, ఒక రచనలోకి రావాలంటే ఆ రచన డిలోనో సిలోనో ఉండాల్సిందే. హాండెల్ హల్లెలూయా కోరస్ డి మేజర్. బాఖ్ బి మైనర్ మాస్‌లో దైవ మహిమను కీర్తించే గ్లోరియా మొదలయ్యేది డి మేజర్. షార్పాంతియే టె డెయుమ్ డి మేజర్, దాని తొలి వాద్యఖండమే ఇప్పటికీ యూరోవిజన్ ప్రసారాలకు ముందు మోగుతుంది. డి మేజర్ ఉత్సవంగా వినిపించడం వల్ల ట్రంపెట్లు చేరలేదు. ట్రంపెట్లు చేరడం వల్ల డి మేజర్ ఉత్సవమైంది. హార్న్‌కూ ఇదే వర్తిస్తుంది. వేటకొమ్ము గాంభీర్యం ఇ ఫ్లాట్‌తో ముడిపడటానికి ఆ కీలో హార్న్ బాగా పలకడమే కారణం. బేతోవెన్ మూడో సింఫనీకి మూడు హార్న్‌లు పెట్టుకున్నది ఇ ఫ్లాట్‌లోనే.

తీగ వాద్యాల సాక్ష్యం ఇంకా సూటిగా ఉంటుంది. వయొలిన్ నాలుగు తీగలు జి, డి, ఎ, ఇ. డి మేజర్‌లో వాయిస్తే వేలు ఆనని ఖాళీ తీగలు పాటతో పాటు మోగి ధ్వనికి మెరుపు తెస్తాయి. ఎ ఫ్లాట్‌కో డి ఫ్లాట్‌కో పోతే ఖాళీ తీగలు దాదాపు పనికిరావు, వేళ్లు ప్రతి స్వరాన్నీ నొక్కాలి, ధ్వని మసకబారుతుంది. బేతోవెన్, బ్రామ్స్, చైకోవ్‌స్కీ వయొలిన్ కచేర్టోలు మూడూ డి మేజర్ కావడం గ్రహబలం కాదు. కీల గుణాల మీద పట్టిక వేసిన బెర్లియోజ్, వాద్యరచన మీద రాసిన గ్రంథంలో దాన్ని వయొలిన్ అధ్యాయంలో పెట్టడంలోనే విషయం అర్థమవుతుంది. అయినా ఇది తీగలదా, స్వరస్థాయిదా అని ఇంకా సందేహం ఉంటే మొజార్ట్ స్వయంగా ప్రయోగం చేసి పెట్టాడు. 1779లో రాసిన సిన్ఫోనియా కచేర్టాంటె ఇ ఫ్లాట్ మేజర్‌లో ఉంది. సోలో వయొలిన్ ఇ ఫ్లాట్‌లోనే వాయిస్తుంది. సోలో వయోలా భాగాన్ని మాత్రం మొజార్ట్ డి మేజర్‌లో రాసి, తీగలను అరస్వరం బిగించుకోమన్నాడు. గాలిలో మోగే కీ ఇద్దరికీ ఒకటే. కానీ వయోలా వేళ్లు డి మేజర్‌లో ఉంటాయి, దాని ఖాళీ తీగలు మోగుతాయి, గొంతు చిన్నదైన ఆ వాద్యం వయొలిన్ పక్కన తలెత్తుకుని నిలుస్తుంది. మెరుపు కీదైతే ఈ ఏర్పాటు శుద్ధ దండగ. మెరుపు తీగది కాబట్టే పనిచేసింది. బాఖ్ కూడా ఇదే ధోరణిలో పోయాడు. ఇ మేజర్ వయొలిన్ కచేర్టోను హార్ప్‌సికార్డ్‌కు మార్చినప్పుడు డి మేజర్‌లోకి దించాడు, ఎ మైనర్ కచేర్టోను జి మైనర్‌లోకి, రెండు వయొలిన్ల డి మైనర్ కచేర్టోను సి మైనర్‌లోకి. 1723లో ఇ ఫ్లాట్‌లో కట్టిన మాగ్నిఫికాట్‌ను పదేళ్ల తర్వాత డిలో మళ్లీ రాశాడు. మేరీమాత స్తుతి మారలేదు, వాద్యాల సౌకర్యం మారింది. బేతోవెన్ తన ఇ మేజర్ పియానో సొనాటా ఒకదాన్ని తీగల చతుష్టయానికి మార్చినప్పుడు ఎఫ్ మేజర్‌కు జరిపాడు. చెల్లో, వయోలాల అట్టడుగు ఖాళీ తీగ సి, ఎఫ్ మేజర్‌లో అది పంచమం. కీ గుణం పవిత్రమని నమ్మేవాడు చేసే పని కాదిది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. పియానోకు ఖాళీ తీగలు లేవు, సమ విభజనలో కీకీ కీకీ తేడా లేదు, అయినా పియానిస్టులే అందరికంటే ఎక్కువగా కీల రంగుల గురించి మాట్లాడతారు. వాళ్లు చెప్పేదంతా భ్రమేనా? కాదు, అయితే వాళ్లు వినేదాని కంటే వాళ్ల చేతులకు తెలిసేది ఎక్కువ. షోపాన్ రాయాలనుకుని పూర్తి చేయని బోధనా గ్రంథం చిత్తుల్లో చెయ్యి పెట్టడానికి మొట్టమొదట సూచించింది తెల్ల మీటల సి మేజర్ కాదు, ఐదు షార్పుల బి మేజర్. పొడవాటి వేళ్లు నల్ల మీటల మీద వాటంతట అవే వాలతాయి. నల్ల మీట పొట్టిది, ఎత్తుగా ఉంటుంది, దాన్ని తాకే కోణం వేరు, నొక్కే బరువు వేరు. మీట పొడవులో ఉన్న ఈ తేడా ధ్వనిలోనూ కొంత తెలుస్తుందేమోనని 1863లో హెల్మ్‌హోల్ట్స్ అంతటి భౌతికశాస్త్రవేత్త ఊహించాడు. అతని ఊహ నిజమైనా అది మీటల అమరిక గుణమే తప్ప కంపనాల సంఖ్య గుణం కాదు. అమెరికన్ పాటల రచయిత ఇర్వింగ్ బెర్లిన్ దాదాపు నల్ల మీటల మీదే, ఎఫ్ షార్ప్‌లోనే వాయించగలిగేవాడు. మీట తిప్పితే స్వరస్థాయి మారే ప్రత్యేక పియానో తెప్పించుకుని, చేతిని ఒకచోటే ఉంచి అన్ని కీల్లోనూ పాటలు కట్టాడు. అతని పాటల్లో హుషారుకీ, బెంగకీ లోటు రాలేదు.

వాద్యం ఇచ్చిన దాన్ని ఇన్ని తరాల పాటు మోసుకొచ్చింది మాత్రం జ్ఞాపకం. సి మైనర్ అంటే పోరాటం, విధి అని ఈనాడు ఎవరైనా అంటే అందులో బేతోవెన్ వాటా ఎంతో చెప్పక్కర్లేదు. పథెటిక్ సొనాటా, మూడో పియానో కచేర్టో, కొరియోలాన్, ఐదో సింఫనీ, చివరి సొనాటా, అన్నీ సి మైనర్. జి మైనర్ అనగానే మొజార్ట్ నలభయ్యో సింఫనీ, డి మైనర్ అనగానే అతని రెక్వియమ్. ఒక గొప్ప రచన ఆ కీ మీద ముద్ర వేస్తే, తర్వాతి స్వరకర్త ఆ ముద్రను చదువుకుని పెరుగుతాడు, అలాంటి భావానికి అదే కీ ఎంచుకుంటాడు, ముద్ర ఇంకాస్త లోతుగా దిగుతుంది. పావెల్, డిబెన్ అనే పరిశోధకులు 2005లో ప్రచురించిన అధ్యయనంలో తేల్చింది దాదాపు ఇదే: తనను తానే పోషించుకునే కట్టుకథ అని. నాకు ఆ తీర్పులో సగమే సమ్మతం. పోషించుకోవడం నిజం. కట్టుకథ అన్నది అన్యాయం. స్వరకర్తలందరూ కొన్ని తరాల పాటు ఒక కట్టుబాటును పాటిస్తే, ఆ సంప్రదాయం తెలిసిన శ్రోతకు అందులో సమాచారం ఉంటుంది. డి మేజర్‌లో ట్రంపెట్ కోసం చెవి రిక్కించడం ఆ కాలపు శ్రోతకు మూఢనమ్మకం కాదు, అనుభవం. కట్టుబాటు ప్రకృతి నియమం వేషం వేసుకున్నప్పుడే పేచీ. ఆ వేషం ఎంత పలచనిదో రష్యన్ల కథ చూస్తే తెలుస్తుంది. స్క్రియాబిన్, రిమ్‌స్కీ కోర్సకోవ్ ఇద్దరూ కీలకు రంగులు కనిపిస్తాయన్నవాళ్లే. డి మేజర్ పసుపు అన్న విషయంలో ఇద్దరికీ కుదిరింది. దాన్ని పట్టుకుని ఇది నిజమే కాబోలని ఆశ్చర్యపోయినవాళ్లున్నారు. కానీ సి మేజర్ ఒకరికి ఎరుపు, మరొకరికి తెలుపు. షార్పులూ ఫ్లాట్లూ లేని ఖాళీ సి మేజర్ తెల్లగా ఉండటంలో తెల్ల మీటల పాత్ర ఎంతో ఊహించవచ్చు.

స్వరస్థాయి జ్ఞాపకం మాటేమిటి, సాధారణ శ్రోతకు కూడా అది ఉంటుందని తేలింది కదా అని అడగవచ్చు. ఉంటుంది. డానియల్ లెవిటిన్ 1994లో 46 మంది విద్యార్థుల చేత బాగా తెలిసిన పాప్ పాటలను జ్ఞాపకం మీద పాడించినప్పుడు, రెండు ప్రయత్నాల్లో కనీసం ఒకసారైనా రికార్డులోని శ్రుతిలోనే పాడినవాళ్లు నూటికి నలభై మంది. చిన్న సంగతి కాదు. కానీ ఒక పాట ఏ శ్రుతిలో ఉందో గుర్తుండటం వేరు, ఆ శ్రుతికి సొంతంగా భావం ఉండటం వేరు. ఆ విద్యార్థులు గుర్తుపెట్టుకున్నది ఫలానా పాటను, కీని కాదు. అలాగే హెచ్చు స్వరం చురుగ్గా, తగ్గు స్వరం గంభీరంగా తోచడం నిజమే. కానీ అది క్రమంగా పెరిగే గుణం. సి కంటే సి షార్ప్ కాస్త చురుకు, డి ఇంకాస్త, అంతే. అమాయకత్వం నుంచి అరస్వరం జరగగానే సమాధికో కయ్యానికో దూకే షూబార్ట్ జాబితాకు అది ఏ విధంగానూ సాయపడదు. ఏ ఆధారమూ లేకుండా వినగానే స్వరాన్ని గుర్తుపట్టే స్వచ్ఛ స్వరజ్ఞానం ఉన్నవాళ్లకు కీల గుణం మరింత బలంగా తోస్తుంది. అయితే వయసు మీదపడ్డాక వాళ్లలో చాలామందికి చెవి జరిగిపోయి, స్వరాలు అసలుకంటే హెచ్చులో వినిపిస్తాయి. పియానిస్టు స్వియాతొస్లావ్ రిక్టర్ చివరి దశలో ఈ బాధ పడ్డాడు. చేతులు ఒక కీలో వాయిస్తుంటే చెవికి మరో కీ వినబడేది. అతని అవస్థ అబద్ధం కాదు. కానీ గదిలోని కంపనాల్లో ఏ మార్పూ లేదు, మారింది అతని లోపలి కొలబద్ద. కీ గుణం ఆ కొలబద్దకు అంటిపెట్టుకుని ఉంటుందనడానికి ఇంతకంటే స్పష్టమైన రుజువు దొరకడం కష్టం.

ఇదే ప్రశ్నను మన సంగీతం వేసుకోనే లేదు, అదీ గమనించదగ్గదే. కర్ణాటక సంగీతంలో మగవాళ్లు ఒకటి, ఒకటిన్నర, రెండు శ్రుతుల్లో పాడితే ఆడవాళ్లు సాధారణంగా నాలుగున్నర నుంచి ఆరు దాకా పాడతారు. అంటే సి షార్ప్ దగ్గర పాడిన తోడినే మరొకరు జి షార్ప్ దగ్గర పాడతారు. తోడి తోడిగానే ఉంటుంది. కరుణ పంచమం పైకి జరిగిందని ఏ విమర్శకుడూ రాయలేదు. శ్రుతి గాయకుడి గొంతు వ్యవహారం, భావం రాగంలోని స్వరాల పరస్పర దూరాలదీ గమకాలదీ అన్నది అక్కడ చర్చకు కూడా రాని ఒప్పందం. నిజానికి రాగానికీ రసానికీ ముడి కూడా మనం అనుకున్నంత బిగువు కాదు. ముఖారి శోకరాగమని పేరు పడినా త్యాగరాజు ముఖారి కృతులన్నిటిలో శోకం లేదు. పద్యనాటకంలో హెచ్చు శ్రుతిలో పద్యం ఎత్తుకుంటే సభ ఉర్రూతలూగడం మాత్రం వాస్తవం. అది ఆ శ్రుతి సంఖ్య మహిమ కాదు, గొంతు తన అంచు మీద నిలబడి చూపే బలం. అదే శ్రుతి హాయిగా అందే గొంతులో పెడితే ఆ ఉర్రూత ఉండదు. కచేరీ చేసే సంప్రదాయం ఒకటి, వందల ఏళ్లుగా ఆధార శ్రుతిని ఇష్టం వచ్చినట్టు మారుస్తూ కూడా భావాన్ని పోగొట్టుకోలేదంటే, స్వరస్థాయికి భావం ఉందనే పక్షం దానికి జవాబు చెప్పుకోవాలి.

ఒక అభ్యంతరం మిగిలింది, దాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ఒక రచన లోపల కీ మారినప్పుడు కలిగే భావం కల్పన కాదు. హైడెన్ సృష్టిగీతంలో చీకటిలాంటి సి మైనర్‌లో తడబడిన వాద్యబృందం వెలుగు పుట్టే చోట ఒక్కసారిగా సి మేజర్‌లో పెళ్లున విచ్చుకుంటుంది. 1798లో వియన్నాలో మొదటిసారి విన్నవాళ్లు నిశ్చేష్టులయ్యారు. కానీ ఆ దెబ్బ సి అనే స్వరానిది కాదు. మైనర్ నుంచి మేజర్‌కు జరిగిన మలుపుది, మంద్రం నుంచి విరుచుకుపడిన ధ్వనిది. రచన మొత్తాన్ని అరస్వరం దించి వాయించినా వెలుగు పుడుతుంది. నిజానికి నాటి వియన్నా శ్రుతికీ నేటి శ్రుతికీ ఉన్న తేడా లెక్కేస్తే మనం దాన్ని అటూ ఇటూ జరిపే వింటున్నాం. కీల మధ్య సంబంధానికి భావం ఉంది, ఒంటరి కీకి లేదు. సంగీత చరిత్రకారులు కీ గుణాలను తలచుకున్నప్పుడల్లా ఈ రెండూ కలిసిపోవడం వల్ల వాదం తేలకుండా నలుగుతోంది.

దీన్ని ఆచరణలో పెడితే ఏ పాటను ఏ కీకి మార్చవచ్చు అన్న ప్రశ్నకు స్పష్టమైన దారి కనిపిస్తుంది. గొంతు కోసమైతే సందేహించనక్కర్లేదు. షూబర్ట్ 1827లో కట్టిన వింటర్‌రైజే పాటలను ఇవాళ బారిటోన్లూ బాస్ గాయకులూ కిందికి దించి పాడుతుంటే మూలం చెడిందని నొచ్చుకునేవాళ్లున్నారు. కానీ ఆ మాలలో చివరి పాట చేతిప్రతిలో బి మైనర్, అచ్చులో ఎ మైనర్. ఏకాంతం గురించిన పాట డి మైనర్ నుంచి బి మైనర్‌కు దిగింది. విషాదం ఎక్కడికీ పోలేదు. అదే సంవత్సరం అతను పియానోకు రాసిన జి ఫ్లాట్ మేజర్ ఇంప్రాంప్టు కథ వేరు. ఆరు ఫ్లాట్లు చూసి కొనేవాళ్లు జడుసుకుంటారని కాబోలు, 1857లో ప్రచురణకర్త దాన్ని జి మేజర్‌లో అచ్చేశాడు. వింటే అరస్వరం హెచ్చు, అంతే. వాయించేవాడికి మాత్రం నల్ల మీటల మీద ఆని జారుతున్న వేళ్లు తెల్ల మీటల సందుల్లోకి దిగి, అడుగడుగునా బొటనవేలు చోటు మార్చుకోవాల్సి వస్తుంది. ఆ రచనలో ఎడతెగకుండా సాగే అలల కదలికకు ఆ అడ్డం నిజమైన నష్టమే. ఇప్పటి ముద్రణలు జి ఫ్లాట్‌నే వేస్తున్నాయి.